తీసేస్తే ఏమవుతుంది?

హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగులు ఒక పూటలో వచ్చేస్తాయి. శీర్షికకు ఒకటి, పేరాకు ఒకటి, జాబితాకు ఒకటి, బొమ్మకు ఒకటి. సాయంత్రానికల్లా బ్రౌజర్‌లో ఏదో ఒక పేజీ కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లను పిలిచి చూపించుకుంటాం. మర్నాడు పుస్తకం తిప్పితే ఆట్రిబ్యూట్ల పట్టిక ఎదురవుతుంది. ఎడమ గడిలో పేరు, కుడి గడిలో అర్థం, అలా పేజీలకు పేజీలు. చాలామంది చదువు అక్కడే మందగిస్తుంది. పరీక్ష కోసమైతే బట్టీపట్టి గట్టెక్కుతారు. పని కోసమైతే ఎవరిదో కోడ్ కాపీ చేసుకుని, పేజీ తెరుచుకుంటే చాలనుకుంటారు.

ఈ అధ్యాయంలో ఆ పట్టిక ఉండదు. ఒక చిన్న పేజీ కట్టుకుంటూ పోదాం. దారిలో తగిలిన ప్రతి ఆట్రిబ్యూట్‌నీ ఒకే ప్రశ్న అడుగుదాం: ఇది తీసేస్తే ఏమవుతుంది, ఎవరికి ఇబ్బంది? జవాబు తెలిసిన ఆట్రిబ్యూట్ గుర్తుండిపోతుంది. జవాబు దొరకనిదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి, నష్టం లేదు.

పేజీ ఎవరిదంటే, ఆత్రేయపురంలో ఇంట్లోనే పూతరేకులు చుట్టి అమ్ముకునే ఒక కుటుంబానిది అనుకుందాం. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి కావాలనేవాళ్లు హైదరాబాదులోనూ ఉంటారు, డల్లాస్‌లోనూ ఉంటారు. పేజీలో ఉండాల్సినవి ఒక ఫోటో, నాలుగు ముక్కల పరిచయం, ఫోన్ నంబరు, ఆర్డరు ఫారం. అంతే.

ముందు రాసే తీరు. ‘ఇక్కడ ఒక బొమ్మ ఉంది’ అని ట్యాగ్ చెబుతుంది. ఏ బొమ్మ, ఎంత వెడల్పు, అది రాకపోతే దాని బదులు ఏం చెప్పాలి అన్నవి ఆట్రిబ్యూట్లు చెబుతాయి. ఇవి ఓపెనింగ్ ట్యాగ్‌లోనే ఉంటాయి, క్లోజింగ్ ట్యాగ్‌లో ఎప్పుడూ రావు. ట్యాగ్ పేరు తర్వాత ఒక స్పేస్, ఆట్రిబ్యూట్ పేరు, ఈక్వల్ టు గుర్తు, డబుల్ కోట్స్, వాల్యూ, మళ్లీ డబుల్ కోట్స్. రెండో ఆట్రిబ్యూట్ కావాలంటే ఇంకో స్పేస్, మళ్లీ అదే వరస. కంప్యూటర్ ల్యాబ్‌లో సార్లు డిక్టేషన్ చెప్పినట్టే ఇక్కడ కోడ్‌ను పలుకుబడిలో ఇస్తున్నాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. కాపీ, పేస్టుకు వీల్లేదు. వేళ్లకు అలవాటు కావడానికి అదే మేలు.

కాపీ, పేస్టులో ఇంకో ప్రమాదమూ ఉంది. వర్డ్ డాక్యుమెంటులోంచి తెచ్చుకున్న కోడ్‌లో కోట్స్ తరచూ వంకర కోట్స్‌గా మారిపోయి ఉంటాయి. కంటికి తేడా తెలియదు. బ్రౌజర్ మాత్రం నిలువు కోట్స్‌నే కోట్స్‌గా గుర్తిస్తుంది, వంకర వాటిని వాల్యూలో భాగమనుకుంటుంది. వాల్యూ మధ్యలో ఒక స్పేస్ ఉంటే అక్కడితో వాల్యూ ముగిసిందనుకుని, మిగతా మాటలను కొత్త ఆట్రిబ్యూట్లుగా లెక్కేస్తుంది. ఇంత జరిగినా ఎర్రటి హెచ్చరిక ఒక్కటీ రాదు.

ఈ మౌనం గురించి మొదట్లోనే తెలుసుకోవాలి. పైథాన్‌లోనో జావాలోనో ఒక అక్షరం తప్పితే ప్రోగ్రాం ఆగి, ఫలానా లైనులో తప్పుందని చెబుతుంది. హెచ్‌టీఎంఎల్‌లో ఆట్రిబ్యూట్ పేరు తప్పు రాస్తే బ్రౌజర్ దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఒకే ట్యాగ్‌లో ఒకే ఆట్రిబ్యూట్‌ను రెండుసార్లు రాస్తే మొదటిది ఉంచుకుని రెండోది పారేస్తుంది. కాబట్టి ‘పేజీ కనిపిస్తోంది కదా’ అన్నది పరీక్షే కాదు. డబ్ల్యూ3సీ వాళ్ల వ్యాలిడేటర్‌లో ఫైలు పెట్టి చూసుకోండి. బ్రౌజర్ దాచిపెట్టిన ఇలాంటి తప్పులను చాలావరకు అది నిర్మొహమాటంగా బయటపెడుతుంది.

ఇక పేజీ పైనుంచి మొదలుపెడదాం. మొట్టమొదటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లోనే ఒక ఆట్రిబ్యూట్ ఉండాలి: ఎల్ఏఎన్‌జీ, ల్యాంగ్. తెలుగు పేజీకి దాని వాల్యూ టీఈ. వీఎస్ కోడ్ వాడేవాళ్లు ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ మూస మొత్తం వచ్చేస్తుంది. అందులో ల్యాంగ్ వాల్యూ ఈఎన్ అని, అంటే ఇంగ్లీషు అని ఉంటుంది. దాన్ని మార్చాలని చాలామందికి తట్టదు. పేజీ నిండా తెలుగు, పైన మాత్రం ‘ఇది ఇంగ్లీషు పేజీ’ అన్న ముద్ర.

మారిస్తే కంటికి కనిపించే తేడా పెద్దగా ఉండకపోవచ్చు. తేడా చెవికి ఉంటుంది. చూపు లేనివాళ్లు ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో పేజీని వింటారు. ఏ గొంతుతో చదవాలో ఆ సాఫ్ట్‌వేర్ ల్యాంగ్‌ను చూసి నిర్ణయించుకోగలదు. ఇంగ్లీషు అని ఉంటే ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది, తెలుగు అక్షరాల దగ్గర తడబడుతుంది, లేదా మింగేస్తుంది. ‘ఈ పేజీని అనువదించమంటారా’ అని అడగడం లాంటి పనులకూ బ్రౌజర్లు ఈ ముద్రను లెక్కలోకి తీసుకుంటాయి. అక్షరాలు మాత్రం జాగ్రత్త. తెలుగు కదా అని టీఎల్ అని రాస్తే అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగాలోగ్ భాష అవుతుంది.

ల్యాంగ్‌ను పేజీ మొత్తానికే పెట్టాలని లేదు, ఏ చిన్న ముక్కకైనా పెట్టొచ్చు. తెలుగు పేజీలో ఒక ఇంగ్లీషు పేరా ఉంటే ఆ పేరా ట్యాగ్‌కే ఈఎన్ ఇవ్వండి. హైదరాబాదు కొనుగోలుదారుల కోసం ఒక పేరా ఉర్దూలో రాస్తే దానికి ల్యాంగ్ యూఆర్, పక్కనే డీఐఆర్ అనే మరో ఆట్రిబ్యూట్, వాల్యూ ఆర్‌టీఎల్. కుడి నుంచి ఎడమకు చదవాలని అర్థం. అది లేకపోతే అక్షరాలు సరిగ్గానే పడతాయి కానీ ఫుల్‌స్టాపులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు చోటు తప్పుతాయి. ఉర్దూ రెండో అధికార భాషగా ఉన్న తెలంగాణలో పేజీలు చేసేవాళ్లకు ఇది ఏనాటికైనా అవసరపడే సంగతి.

ల్యాంగ్ తర్వాత హెడ్ భాగంలో మెటా ట్యాగ్, దానికి ఛార్‌సెట్ అనే ఆట్రిబ్యూట్, వాల్యూ యూటీఎఫ్-8. ఇంగ్లీషు పేజీలు చేసేవాళ్లకు ఇది లాంఛనం. మనకు ప్రాణం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ మూడూ కలిపి ఒక అక్షరమని తెలియని బ్రౌజర్ వాటిని మూడు పాశ్చాత్య అక్షరాలుగా విడగొట్టి చూపిస్తుంది. తలమీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్నా వరసగా నిండిపోయిన పేజీని ఎప్పుడైనా చూసి ఉంటే, అక్కడ జరిగింది ఇదే. మీ కంప్యూటర్‌లో ఫైలు తెరిచినప్పుడు బ్రౌజర్ ఊహించి సర్దుకోవచ్చు, సర్వర్ మీదికి ఎక్కాక సర్దుకుంటుందన్న హామీ లేదు. ఫైలులో మొదటి 1024 బైట్లలోపే ఈ మాట కనబడాలని నియమం. అందుకని హెడ్ తెరవగానే రాసేయడం మంచిది.

ఇప్పుడు ఫోటో. ఐఎంజీ ట్యాగ్, ఎస్ఆర్‌సీ అనే ఆట్రిబ్యూట్. దీని చరిత్ర చిన్నదే కానీ చెప్పుకోదగ్గది. 1993 ఫిబ్రవరిలో, మొజాయిక్ బ్రౌజర్ తయారుచేస్తున్న మార్క్ ఆండ్రీసెన్ వెబ్ పేజీలో బొమ్మ పెట్టడానికి ఈ ట్యాగ్‌ను ప్రతిపాదించాడు. అతను తప్పనిసరి అన్న ఆట్రిబ్యూట్ ఎస్ఆర్‌సీ ఒక్కటే. బొమ్మ కనబడనివాళ్ల కోసం ఉండే ఆల్ట్ తర్వాత వచ్చింది. 1995లో అచ్చయిన హెచ్‌టీఎంఎల్ 2 ప్రమాణంలో అది ఉంది కానీ ఐచ్ఛికం. 1997 చివర్లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4లో తప్పనిసరి అయింది. ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్లు అదే వరసలో నేర్చుకుంటారు. ఎస్ఆర్‌సీ మొదటి రోజే వస్తుంది, ఆల్ట్ ఎవరైనా అడిగితే వస్తుంది.

ఎస్ఆర్‌సీ దగ్గర రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ఒకటి, సి డ్రైవ్‌తో మొదలయ్యే దారంతా రాసేయడం. అది మీ కంప్యూటర్‌లో పనిచేస్తుంది, ఎందుకంటే ఆ డ్రైవ్ మీ దగ్గరే ఉంది. పేజీ చూసే డల్లాస్ అమ్మాయి కంప్యూటర్‌లో మీ డెస్క్‌టాప్ ఫోల్డర్ ఉండదు కదా. ఫోటోను పేజీ ఫైలున్న ఫోల్డర్‌లోనే పెట్టి, ఫైలు పేరు మాత్రమే రాయండి. రెండోది పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా. విండోస్ మామూలుగా దాన్ని పట్టించుకోదు, సర్వర్లలో ఎక్కువగా ఉండే లైనక్స్ పట్టించుకుంటుంది. ఫైలు పేరు చివర పెద్ద జేపీజీ, కోడ్‌లో చిన్న జేపీజీ ఉంటే ఇంట్లో బొమ్మ కనిపిస్తుంది, వెబ్‌లో విరిగిపోతుంది. పేర్లన్నీ చిన్నక్షరాల్లో, స్పేసులు లేకుండా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ఆల్ట్ రాయడం కోడింగ్ పని కాదు, రాత పని. ‘ఫోటో’ అని రాస్తే ఏం లాభం? ‘పూతరేకులు’ అన్నది కాస్త నయం. ‘అరిటాకు మీద వరసగా పేర్చిన బెల్లం పూతరేకులు, ఒకటి విప్పి లోపలి జీడిపప్పు పలుకులు చూపిస్తున్నారు’ అంటే వినేవాడికి నోరూరుతుంది. నెట్ అందక బొమ్మ లోడ్ కానివాళ్లకూ ఆ వాక్యమే కనిపిస్తుంది. ఆల్ట్ అసలు రాయకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరునే చదివేస్తాయి: ఐఎంజీ, అండర్‌స్కోర్, ఒక పొడుగు తేదీ, డాట్ జేపీజీ. పేజీ అంచులో అందానికి పెట్టిన ముగ్గు బొమ్మ ఉంటే మాత్రం ఆల్ట్‌ను ఖాళీ కోట్స్‌తో వదలాలి. తీసేయకూడదు, ఖాళీగా ఉంచాలి. ‘దీన్ని చదవక్కర్లేదు, దాటిపో’ అని దాని అర్థం.

మన చిన్న వ్యాపారాల పేజీల్లో నాకు నచ్చని అలవాటు ఒకటుంది. ధరల పట్టిక మొత్తాన్ని వాట్సాప్‌లో తిరిగే రంగుల పోస్టర్‌గా తయారుచేసి, ఆ ఒక్క బొమ్మనే పేజీలో అతికిస్తారు. వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవడానికి సాగదీయాలి, చూపు లేనివాళ్లకు అందులో ఏమీ లేదు. ఆల్ట్‌లో ధరలన్నీ రాసి సరిపెట్టొచ్చు కానీ, అంత రాసే ఓపిక ఉన్నప్పుడు ధరలను మామూలు అక్షరాల్లో పేజీలోనే రాస్తే సరిపోతుందిగా!

అదే ట్యాగ్‌లో విడ్త్, హైట్ కూడా ఇవ్వండి. పిక్సెల్ అన్న మాట లేకుండా వట్టి అంకెలు. ఇవి తీసేసి, ఫోన్‌లో నెమ్మదిగా ఉండే నెట్‌వర్కు మీద పేజీ తెరిచి చూడండి. ముందు అక్షరాలు వస్తాయి, మీరు ఫోన్ నంబరు మీద వేలు పెట్టబోతారు, ఇంతలో ఫోటో దిగి పేజీ అంతా కిందికి జారుతుంది, వేలు ఇంకెక్కడో పడుతుంది. కొలతలు ఇస్తే బ్రౌజర్ ఆ చోటును ముందే అట్టిపెడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. విడ్త్ 300 అని రాసినంత మాత్రాన నాలుగు ఎంబీల ఫోటో చిన్నదైపోదు, చూసేవాళ్ల డేటా నాలుగు ఎంబీలూ ఖర్చవుతుంది. ఫోటోను ముందే చిన్నది చేసి పెట్టాలి.

ఫోన్ నంబరు దగ్గరికొద్దాం. లింకు ట్యాగ్ పేరు ‘ఏ’, దాని ఆట్రిబ్యూట్ హెచ్ఆర్ఈఎఫ్. వాల్యూలో వెబ్ చిరునామానే ఉండాలన్న నియమం లేదు. టీఈఎల్, కోలన్, ప్లస్ 91, ఆ వెంట పది అంకెలు రాస్తే, నొక్కగానే ఫోన్‌లో డయల్ తెర తెరుచుకుంటుంది. ప్లస్ 91 తీసేస్తే? ఆత్రేయపురంలో ఎవరికీ తేడా తెలియదు, డల్లాస్‌లో నొక్కిన ఫోన్ కలవదు. పేజీ చేసినవాళ్ల ఊళ్లో ఎప్పటికీ బయటపడని తప్పు ఇది.

వేరే సైటుకు లింకు ఇస్తే హెచ్‌టీటీపీఎస్ నుంచీ పూర్తిగా రాయాలి. మూడు డబ్ల్యూలతో మొదలుపెడితే బ్రౌజర్ దాన్ని మీ సైటులోనే ఉన్న ఒక ఫైలు పేరనుకుని వెతికి, లేదంటుంది. టార్గెట్ ఆట్రిబ్యూట్‌కు అండర్‌స్కోర్ బ్లాంక్ అని ఇస్తే లింకు కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. చాలామంది ప్రతి లింకుకూ అది తగిలిస్తారు. నేను తగిలించను. కొత్త ట్యాబ్ కావాలో వద్దో చదివేవాళ్లు తేల్చుకోగలరు.

క్లాస్, ఐడీల గురించి ఇక్కడ రెండు ముక్కలు చాలు, రంగులూ హంగులూ వచ్చినప్పుడు వాటి అసలు పని తెలుస్తుంది. ఒక ఐడీ పేజీ మొత్తంలో ఒక్కదానికే ఉండాలి. ఒక క్లాస్ ఎన్నింటికైనా ఉండొచ్చు, ఒకేదానికి స్పేసులిచ్చి నాలుగు క్లాసులైనా పెట్టొచ్చు. ఆట్రిబ్యూట్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు కానీ ఈ రెండింటి వాల్యూల్లో ఉంది. పాత నోట్సుల్లో కనిపించే బీజీకలర్, అలైన్ వంటివాటిని ఇప్పుడు నేర్చుకోనక్కర్లేదు, ఆ పని సీఎస్ఎస్ చేస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పుణ్యమా అని వచ్చిన మార్క్యూ ట్యాగ్, అందులో వేగానికీ దిశకూ ఉండే ఆట్రిబ్యూట్లు కూడా అంతే. తలకు మించిన వేగంతో పరిగెత్తే ‘స్వాగతం సుస్వాగతం’ లేకుండానే కొనేవాళ్లు కొంటారు.

ఫారంలో ఆట్రిబ్యూట్లు ఇంకా ఎక్కువ పని చేస్తాయి. ఒక్కో గడికి ఇన్‌పుట్ ట్యాగ్, దాని పక్కన పేరు చెప్పే లేబుల్ ట్యాగ్ ఉంటాయి. లేబుల్‌కు ఎఫ్ఓఆర్ అనే ఆట్రిబ్యూట్, ఇన్‌పుట్‌కు ఐడీ, రెండింటికీ ఒకే వాల్యూ. అప్పుడే ‘మీ ఫోన్ నంబరు’ అన్న అక్షరాల మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళుతుంది, స్క్రీన్ రీడర్ కూడా గడి పేరు చదువుతుంది. వాల్యూల్లో ఒక అక్షరం తేడా వచ్చినా ఆ బంధం తెగిపోతుంది, కంటికి ఏమీ తెలియదు. లేబుల్ మానేసి ప్లేస్‌హోల్డర్‌తో సరిపెట్టేవాళ్లున్నారు. అది గడిలో లేతగా కనబడే అక్షరాలు. టైపు చేయడం మొదలుపెట్టగానే మాయమవుతాయి. సగం నింపాక ఈ గడి ఏమిటో మర్చిపోయిన పెద్దాయన, రాసింది చెరిపి చూసుకోవాల్సి వస్తుంది.

టైప్ ఆట్రిబ్యూట్‌ను ఫోన్ చేతిలో పెట్టుకునే నేర్చుకోవాలి. ఫోన్ నంబరు గడికి టైప్ వాల్యూ టీఈఎల్ ఇస్తే ఫోన్‌లో అంకెల కీబోర్డు పైకొస్తుంది. టెక్స్ట్ అని ఇస్తే అక్షరాల కీబోర్డు వస్తుంది, నింపేవాళ్లు అంకెల కోసం వెతుక్కోవాలి. నంబర్ అన్న టైప్ ఉంది కదా, అది ఇద్దామా? వద్దు. అది లెక్కపెట్టే వాటికి: ఎన్ని డబ్బాలు కావాలి వంటివి. దాని పక్కన పెంచే, తగ్గించే బాణాలు ఉంటాయి. ఫోన్ నంబరును ఒకటి పెంచుకునేవాళ్లు ఉండరు. పిన్‌కోడ్‌కు టెక్స్ట్ టైపే ఉంచి, ఇన్‌పుట్‌మోడ్‌కు న్యూమరిక్ అని, ప్యాటర్న్‌లో ‘మొదటి అంకె 1 నుంచి 9, మిగతా ఐదూ 0 నుంచి 9’ అని రాస్తే, అంకె తగ్గిన పిన్‌కోడ్ ఫారం దాటి పోదు.

ప్యాటర్న్ చేతికొచ్చాక దాన్ని పేరు గడికీ పెట్టాలనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలే ఉండాలని షరతు పెట్టి, తెలుగులో పేరు రాసినవాళ్లను ‘సరైన పేరు ఇవ్వండి’ అని తిప్పి పంపే ఫారాలకు మన దగ్గర కొదవలేదు. ఇంటిపేరును వేరే గడిలో, అదీ రెండో గడిలో తప్పనిసరి చేసేవీ ఉన్నాయి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, చాలామంది దాన్ని ఒక పొడి అక్షరంగానే రాస్తారు. మిఠాయి పార్సిల్‌కు ఒకే గడి చాలు, అందులో వాళ్లు తమ పేరు తమకు తోచినట్టు రాసుకుంటారు.

గడి ఖాళీగా వదలకూడదంటే రిక్వైర్డ్. దీనికి వాల్యూ అక్కర్లేదు, ఆ మాట ఉంటే చాలు. ఈ జాతి ఆట్రిబ్యూట్లు ఇంకొన్ని ఉన్నాయి: డిజేబుల్డ్, చెక్డ్, రీడ్‌ఓన్లీ. వీటి దగ్గర ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లే ఎక్కువ బోల్తా పడతారు. గడి తప్పనిసరి కాకూడదనుకుని రిక్వైర్డ్ ఈక్వల్ టు ఫాల్స్ అని రాస్తారు. బ్రౌజర్ ఆ ఫాల్స్‌ను చదవదు. రిక్వైర్డ్ అన్న మాట ఉందా లేదా, అంతవరకే చూస్తుంది. ఉంది కాబట్టి తప్పనిసరే. వద్దంటే ఆ మాటే తీసేయాలి.

చివరికి మిగిలింది నేమ్. ఐడీ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అనిపిస్తుంది. ఐడీ పేజీ లోపలి పనులకు. ఫారం పంపినప్పుడు ఏ గడిలోది ఏ సమాచారమో చెప్పేది నేమ్. నేమ్ లేని గడిలో ఎంత రాసినా అది అసలు వెళ్లదు. చిరునామా గడికి నేమ్ మర్చిపోయారనుకోండి. కొనేవాళ్లు డోర్ నంబరు, వీధి, ఊరు అన్నీ నింపి పంపుతారు, ఆత్రేయపురంలో పేరూ ఫోన్ నంబరూ మాత్రమే చేరతాయి.

దీన్ని సర్వర్ లేకుండానే మీ కళ్లతో చూడొచ్చు. ఫారం ట్యాగ్‌కు మెథడ్ ఆట్రిబ్యూట్ ఏమీ ఇవ్వకండి. పేరు, ఫోన్, చిరునామా గడులు నింపి బటన్ నొక్కండి. పేజీ మళ్లీ లోడవుతుంది, పైన అడ్రస్ బార్‌లో ప్రశ్నార్థకం తర్వాత మీరిచ్చిన నేమ్‌లు, వాటి పక్కన ఈక్వల్ టు, నింపిన సమాచారం వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు ఒక గడి నేమ్ తీసేసి మళ్లీ పంపండి, ఆ ముక్క మాయమవుతుంది. చూడటం అయ్యాక మెథడ్‌కు పోస్ట్ అని వాల్యూ ఇచ్చేయండి. లేకపోతే ఆర్డరు పెట్టిన ప్రతివాళ్ల ఫోన్ నంబరూ, ఇంటి చిరునామా వాళ్ల బ్రౌజర్ హిస్టరీలో అలాగే ఉండిపోతాయి. ఆ సమాచారం ఎక్కడికి చేరాలో చెప్పే యాక్షన్ ఆట్రిబ్యూట్‌ను ఇంకా రాయలేదు. దాని అవతలి చివర అందుకునే సర్వర్ ఒకటి కావాలి, అది వచ్చే అధ్యాయంలో.